రెండు గీతలూ పడ్డాయి, పురుగూ ఉంది: నల్లగొండ జిల్లాలో బీటీ పత్తిపై గులాబీ రంగు పురుగు, ఒక కేస్ స్టడీ

ఈ కేసు కనగల్, చండూరు మండలాలు కలిసేచోట ఉన్న ఒక గ్రామానిది. రైతుల కోరిక మేరకు ఊరి పేరు, వారి పేర్లు రాయడం లేదు. నేను ఆ చుట్టుపక్కల రైతు సంఘాలకు సస్యరక్షణ సలహాదారుగా పనిచేస్తున్నాను. ఊళ్లో పత్తి భూమి రెండు రకాలుగా ఉంది. ఎత్తు మీద వర్షాధారపు ఎర్ర చెల్కలు, దిగువన ఏఎంఆర్‌పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీరో బోరు నీరో అందే నల్లరేగళ్లు. చెల్కల్లో పత్తి డిసెంబరు నాటికి దానంతటదే ఎండిపోతుంది. నల్లరేగళ్లలో మాత్రం రెండు మూడు తడులు పెట్టి ఫిబ్రవరి దాకా, కొందరైతే మార్చి దాకా పంటను నిలబెడతారు. ఈ తేడా దగ్గరే కేసు చిక్కుముడి ఉందని తర్వాత తేలింది కాబట్టి దీన్ని మొదటే చెబుతున్నాను.

ఫిర్యాదు

దీపావళి తర్వాత, మొదటి ఏరుడు అయిపోయి రెండో ఏరుడుకు కాయ పగులుతున్న రోజుల్లో, రైతులు సంఘం ఆఫీసుకు కాయలు పట్టుకొని వచ్చారు. పైకి ఆరోగ్యంగా కనిపించిన పచ్చి కాయను చీల్చితే లోపల దూది పసుపు రంగుకు తిరిగి ఉంది, గింజ తొలిచి ఉంది, గింజ పక్కనే గులాబీ చారలతో పురుగు ఉంది. పగిలిన కాయల్లో కొన్ని సగమే విచ్చుకొని గుడ్డి పత్తిగా మిగిలాయి. వచ్చినవారందరిదీ ఒకటే మాట: "విత్తనమే దొంగది సారూ, బీటీ అని రాసి ఉత్తది అంటగట్టిండ్రు." కాయ తొలిచే పురుగులను చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకొనేలా జన్యువు చేర్చిన పత్తినే బీటీ అంటారు. నష్టపరిహారం కోసం కలెక్టరేటుకు వెళ్దామని, విత్తనాల దుకాణం ముందు కూర్చుందామని అప్పటికే నిర్ణయించుకొని వచ్చారు. అందులో తప్పేమీ లేదు. మన ప్రాంతంలో నకిలీ విత్తనాల బెడద ఏళ్ల తరబడి ఉన్నదే, దాని వల్ల ఆరిపోయిన కుటుంబాలను కళ్లారా చూసినవాళ్లం. కానీ పరీక్ష లేకుండా ఆ మాట అంటే అధికారి ముందు నిలవదు. అంతకన్నా ముఖ్యంగా, విత్తనం అసలైనదే అయి ఉంటే వచ్చే ఏడాది కంపెనీ మార్చి అదే పంటను అదే తీరులో వేస్తారు, అదే పురుగు మళ్లీ వస్తుంది. అందుకే ముందు పరీక్ష, తర్వాతే ధర్నా అని ఒప్పించాను.

పరీక్ష

మొదట పురుగు ఏదన్నది తేల్చుకోవాలి. శనగపచ్చ పురుగైతే కాయకు పెద్ద రంధ్రం చేసి, ఒంటిని సగం బయట ఉంచి తింటుంది, రంధ్రం చుట్టూ విసర్జన కనిపిస్తుంది. ఇక్కడ కాయ మీద రంధ్రమే కనిపించలేదు. గులాబీ రంగు పురుగు గుడ్డు నుంచి బయటపడిన కొద్దిసేపటికే సన్నని దారం లాంటి పురుగుగా లేత కాయలోకి చొరబడుతుంది, కాయ పెరిగేకొద్దీ ఆ దారి పూడిపోతుంది. లోపలి గోడ మీద చిన్న బుడిపె మాత్రమే గుర్తుగా మిగులుతుంది. ఒకసారి లోపలికి వెళ్లిన పురుగుకు పైన కొట్టే మందు తగలదు. అప్పటికే కొందరు వారానికొక మందు చొప్పున, రెండు మూడు కలిపి కూడా కొట్టి ఉన్నారు. దాని వల్ల పురుగు చావలేదు సరికదా, పైరుకు తెల్లదోమ ఎక్కువైంది.

తర్వాత విత్తనం సంగతి. మన దేశంలో బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. అప్పటి బోల్‌గార్డ్‌లో ఒకే జన్యువు, క్రై1ఏసీ. 2006లో వచ్చిన బోల్‌గార్డ్-2 (బీజీ-2)లో దానికి క్రై2ఏబీ కూడా తోడైంది. ఈ రెండు జన్యువులూ బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా నుంచి తీసుకున్నవి. ఇవి తయారుచేసే ప్రోటీన్లు మొక్కలో ఉన్నదీ లేనిదీ పొలం గట్టు మీదనే చూసే స్ట్రిప్ పరీక్ష ఉంది. ఆకు ముక్కను చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వేసి, ద్రావణం పోసి, నూరి, కాగితపు పట్టీని ముంచితే పది నిమిషాల లోపు గీతలు పడతాయి. ఒకటి పరీక్ష సరిగా జరిగిందని చూపే కంట్రోల్ గీత, మిగతా రెండూ ఒక్కో ప్రోటీన్‌కు ఒకటి. ఫిర్యాదు చేసిన ప్రతి కమతంలో నాలుగు మూలలా, నడిమధ్యా కొన ఆకులు తీశాం. పోల్చి చూడడానికి బీటీ కాని పత్తి మొక్క ఆకు కూడా తీసుకున్నాం. రైతుల సమక్షంలోనే, వాళ్ల చేతులతోనే పట్టీలు ముంచించాం. బీటీ మొక్కలన్నింట్లో రెండు గీతలూ పడ్డాయి. విత్తనం అసలైనదే.

ఒక కమతం మాత్రం వేరు. ఆ రైతు సంచి, బిల్లు లేకుండా విడిగా కొన్న "బీజీ-3" వేశాడు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొట్టినా చావని పత్తి అది. మన దేశంలో దానికి అనుమతి లేదు. బీజీ-2 తర్వాత వచ్చింది గనుక పురుగును ఇంకా గట్టిగా ఆపుతుందని ఆయన నమ్మాడు, ఊళ్లో చాలామంది అలాగే నమ్ముతున్నారు. దాని మీద వేరే పట్టీతో చూస్తే గడ్డి మందును తట్టుకొనే ప్రోటీన్ ఉందని తేలింది. పురుగు విషయంలో మాత్రం ఆ రెండు పాత క్రై ప్రోటీన్లకు మించి అందులో ఏమీ లేదు. గడ్డి మందుకు, పురుగుకు సంబంధం లేదన్న ఈ ఒక్క సంగతి ఊరంతటికీ తెలియజెప్పడం, నా దృష్టిలో, మిగతా సలహాలన్నింటి కన్నా ముందు చేయాల్సిన పని.

అయినా అనుమానం పూర్తిగా తీరలేదు. ఆకులో ఉన్న ప్రోటీన్ గింజలో ఉందా? గులాబీ రంగు పురుగు తినేది ఆకును కాదు, గింజను. అందుకని ఒక పచ్చి కాయను చీల్చి, దానిలోని గింజలను ఒక్కొక్కటిగా విడివిడి గొట్టాల్లో నూరి చూశాం. ఎక్కువ గింజల్లో రెండు గీతలూ వచ్చాయి, కొన్నింట్లో ఒకటే వచ్చింది. ఇది మోసం కాదు, హైబ్రిడ్ స్వభావం. మన దగ్గర బీటీ జన్యువును హైబ్రిడ్లలో పెట్టి అమ్ముతున్నారు. జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు నుంచే వచ్చినప్పుడు, ఆ మొక్క మీద కట్టిన కాయలోని గింజల్లో సుమారు పావు వంతుకు ఆ జన్యువు అందదు. ఒకే కాయలో విషం ఉన్న గింజ, లేని గింజ పక్కపక్కనే ఉంటాయి. పిల్ల పురుగు మొదట లేని గింజను తిని బలపడి, తర్వాత ఉన్న గింజలోకి వెళ్లవచ్చు. తట్టుకొనే గుణం కొంచెం ఉన్న పురుగు బతకడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. అమెరికా, ఆస్ట్రేలియాల్లో హైబ్రిడ్ కాని సూటి రకాలలో ఈ జన్యువులను వాడారు కాబట్టి గింజల్లో ఈ తేడా రాదు.

చివరగా, పురుగు సగం తిని వదిలిన గింజ మిగులును నూరి పట్టీ ముంచాం. రెండు గీతలూ స్పష్టంగా పడ్డాయి. ఆ గింజను తిన్న పురుగు పక్కనే అరచేతిలో చురుగ్గా కదులుతోంది. కలెక్టరేటుకు పోదామన్న రైతులు ఆ పట్టీని చేతులు మార్చుకుంటూ చూశారు, ఆ తర్వాత విత్తనం దొంగదన్న మాట ఎవరూ ఎత్తలేదు. స్ట్రిప్ ప్రోటీన్ ఉన్నదా లేదా అని మాత్రమే చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు. పంట వయసు నూటపది రోజులు దాటాక ఆకుల్లో క్రై1ఏసీ తగ్గిపోతుందని మన దేశపు పరిశోధనల్లోనే తేలింది కాబట్టి, ఆలస్యంగా కట్టే కాయల్లో రక్షణ మరింత పలుచనవుతుంది. పురుగు విషాన్ని తట్టుకొంటోంది, ఆలస్యపు కాయల్లో విషమూ తగ్గుతోంది: ఈ రెండూ కలిపి చూస్తేనే నిర్ధారణ సరైనదవుతుంది.

పురుగులో వచ్చిన మార్పు

క్రై ప్రోటీన్ పురుగు కడుపులోని క్షార రసంలో కరిగి, అక్కడి ఎంజైములతో చురుకై, పేగు గోడ మీది ప్రత్యేక ప్రోటీన్లకు అతుక్కొని గోడను చిల్లులు చేస్తుంది. అతుక్కునే ఆ చోటు మారిపోతే విషం ఉండీ పనిచేయదు. క్రై1ఏసీ విషయంలో క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్ జన్యువు చెడిపోయిన గులాబీ రంగు పురుగులు మన దేశపు పొలాల్లో దొరికాయి. ఆ చెడిపోవడం ఒక్క రకంగా కాదు, ఎనిమిది రకాలుగా జరిగినట్లు 2014లో వెలువడిన పరిశోధన చూపింది. క్రై2ఏబీని తట్టుకొనే పురుగుల్లో ఏబీసీఏ2 అనే జన్యువులో మార్పులు కనిపించాయి. గుజరాత్‌లో క్రై1ఏసీని తట్టుకొనే పురుగు 2009 పంటలోనే బయటపడింది. 2014 తర్వాత బీజీ-2 మీద కూడా పురుగు బతకడం గుజరాత్‌తో మొదలై మన తెలుగు రాష్ట్రాల వరకు వచ్చింది. శనగపచ్చ పురుగును, మచ్చల పురుగును బీటీ ఇప్పటికీ ఆపుతోంది. అందువల్ల బీటీ పత్తి మొత్తం విఫలమైందనడం సరికాదు. ఒక పురుగు మాత్రం దాన్ని దాటింది.

దాటడానికి కారణాలు మన పొలాల్లోనే ఉన్నాయి. బీటీ పత్తి చుట్టూ బీటీ కాని మొక్కలు వేయాలని, అక్కడ పెరిగిన మామూలు పురుగులు తట్టుకొనే పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలుచన చేస్తాయని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. అందుకే 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవారు. ఎకరం రెండెకరాల రైతు తన పొలంలో ఐదోవంతు పురుగుకు వదిలిపెట్టలేక ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీదే పారేశాడు. దాన్ని రైతు నిర్లక్ష్యమని రాసేవారితో నేను ఏకీభవించను. చిన్న కమతానికి కుదరని లెక్కను పెద్ద కమతం ఉన్న దేశం నుంచి తెచ్చి పెట్టారు. ఇప్పుడు ఆ విత్తనాన్ని ఒకే సంచిలో కలిపి 475 గ్రాముల ప్యాకెట్లుగా అమ్ముతున్నారు. అది నయం.

రెండో కారణం పంట కాలం. ఈ పురుగుకు పత్తి తప్ప చెప్పుకోదగిన వేరే తిండి లేదు. జనవరి నాటికి పొలంలో కాయ లేకపోతే అది గింజల్లో నిద్రావస్థకు పోతుంది, చాలా వరకు చస్తుంది. కాలువ కింద మార్చి దాకా పత్తి ఉంటే మరో రెండు తరాలు పెరుగుతుంది. ఈ ఊరి నల్లరేగళ్లలో జరుగుతున్నది అదే. అక్కడ పెరిగిన పురుగు జూన్‌లో చెల్కల రైతు వేసిన పైరు మొదటి పూతకే ఎగిరి వస్తోంది. పక్కనే ఉన్న జిన్నింగ్ మిల్లులో ఎండాకాలమంతా నిల్వ ఉండే గింజలు, ఇళ్ల వెనుక వంటచెరకుగా పేర్చిన పత్తి కట్టెకు అంటుకొని ఉన్న ఎండు కాయలు కూడా రెక్కల పురుగులను వదులుతాయి. మిల్లుకు దగ్గరి కమతాల్లో గుడ్డి పూలు (పురుగు సోకి విచ్చుకోని పూలు) మిగతా ఊరి కన్నా ముందే కనిపించడానికి అదే కారణమని నా అంచనా.

చేసిన పని

ఆ ఏడాది పంటకు చేయగలిగింది తక్కువ. మిగిలిన కాయను త్వరగా ఏరించి, మందులు ఆపించాం. అసలు పని తర్వాతి వానాకాలానిది. నల్లరేగడి రైతులు డిసెంబరు చివరికి పత్తి తీసేయాలన్న ప్రతిపాదన పెట్టగానే ఊరి సమావేశంలో గొడవ జరిగింది. ఒక కౌలు రైతు, ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న ఆడమనిషి, లేచి నిలబడి అడిగింది: "కౌలు పైసలు యాడాదికి కట్టిన. ఆఖరి ఏరుడు ఇడిస్తే ఆ పైసలు నాకెవరిస్తరు?" ఆమె ప్రశ్నకు నా దగ్గర శాస్త్రీయమైన జవాబు లేదు, అది శాస్త్రం ప్రశ్న కూడా కాదు. చివరి ఏరుడులో వచ్చే పత్తి తక్కువ ధర పలుకుతుందని, గుడ్డి పత్తి ఏరడానికి కైకిలి కూడా గిట్టదని లెక్క వేసి చూపవచ్చు. కానీ చేతికందే ఆ నాలుగు రూపాయలు ఆమెకు అప్పు మీది వడ్డీ. చివరకు భూయజమానులతో మాట్లాడి, పత్తి తీసేసిన వెంటనే అదే భూమిలో కాలువ నీటితో నువ్వులు వేసుకోవడానికి కౌలుదారులకు అదనపు కౌలు లేకుండా ఒప్పించాం. ఆ ఒప్పందం కుదిరాకే మిగతా మాటలు ముందుకు సాగాయి.

తొందరగా కాపుకొచ్చే, నూట యాభై రోజుల లోపు ముగిసే హైబ్రిడ్లను ఎంచుకోవడం, నేల బాగా తడిసిన తర్వాత ఊరంతా దగ్గర దగ్గరగా విత్తడం మొదటి మెట్టు. విత్తిన నలభై ఐదు రోజులకు ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగు చొప్పున పెట్టాం. బుట్టకు రాత్రికి ఎనిమిది రెక్కల పురుగులు చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే, లేదా పదింట ఒక పువ్వు గుడ్డి పువ్వయితే, లేదా పది కాయల్లో ఒక కాయలో పురుగుంటే అప్పుడే మందు. అంతకు ముందు వేప నూనె తప్ప ఏదీ కొట్టవద్దని కట్టడి చేసుకున్నారు. గుడ్డి పువ్వును గుర్తుపట్టడం ఆడవాళ్లకే బాగా వచ్చింది. రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకొని, లోపల పురుగు అల్లిన పట్టుదారంతో అతుక్కొని ఉంటుంది. కలుపు తీస్తూనే వాటిని తెంపి సంచిలో వేసుకొని గట్టు మీద కాల్చేశారు.

మిల్లుకు దగ్గరి నల్లరేగళ్లలో జతకట్టకుండా చేసే పద్ధతి పెట్టాం. ఆడ పురుగు మగ పురుగును పిలిచే వాసన గాసిప్లూర్ అనే రెండు రసాయనాల సమపాళ్ల మిశ్రమం. దాన్ని నింపిన సన్నని తీగలను మొక్కలకు కడితే పొలమంతా ఆ వాసనే నిండి మగ పురుగుకు ఆడ పురుగు జాడ తెలియదు. పీబీ నాట్ పేరుతో తీగలుగా, అలాగే పేస్టు రూపంలో కూడా ఇది దొరుకుతోంది. హైదరాబాద్‌లోని ఏటీజీసీ బయోటెక్ వంటి సంస్థలు ఈ రసాయనాలను ఇక్కడే తయారుచేస్తున్నాయి. జన్యువు ద్వారా కాకుండా పురుగు ప్రవర్తన ద్వారా పనిచేసే ఈ మార్గం చిన్న రైతుకు ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం, అయితే రెండు షరతులున్నాయి. ఒకటి, ఎవరికి వారు ఎకరంలో కడితే పని జరగదు. బయట జతకట్టిన ఆడ పురుగు ఎగిరివచ్చి గుడ్లు పెడుతుంది. గట్లు కలిసిన కమతాలన్నీ ఒకేసారి పూత దశకు ముందు కట్టాలి. రెండు, తీగలు కట్టిన చోట బుట్టల్లో పురుగు పడకపోతే పురుగు లేదని అనుకోరాదు. మగ పురుగు ఆడ పురుగునే కాదు, బుట్టను కూడా వెతుక్కోలేదు. అక్కడ కాయలు కోసి చూడడమొక్కటే నమ్మదగిన లెక్క. ఈ సంగతి చెప్పినా కొందరు ఖాళీ బుట్ట చూసి నిశ్చింతగా ఉన్నారు, మూలకమతాల్లో పురుగు ఆలస్యంగా తెలిసింది.

ఏరుడు ముగిశాక పొలాల్లోకి గొర్ల మందలను దించాం. గొల్ల కురుమల మందలకు మన దగ్గర కొదువ లేదు. ఆకు, పిందె, విచ్చని కాయ అన్నీ మేసిపోతాయి, వాటితో పాటే లోపలి పురుగూ పోతుంది. మందు కొట్టిన పొలంలోకి మందను తోలడం ప్రమాదం కాబట్టి చివరి రోజుల్లో పిచికారీ పూర్తిగా ఆపించాం. ఆ తర్వాత కట్టెను ఇళ్లకు మోయకుండా ష్రెడ్డర్ యంత్రంతో ముక్కలు చేసి దున్నించారు. వంటచెరకు కోసం కట్టె అవసరమైన ఇళ్లు కొన్ని మాత్రం ఒప్పుకోలేదు.

ఫలితం, కొత్త పరిశోధన

డిసెంబరులో మళ్లీ కాయలు కోసి చూశాం. చెల్కల్లో పురుగున్న కాయలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే బాగా తగ్గాయి, మందు ఖర్చు సగానికి పైగా మిగిలిందని రైతులు తమ చిట్టాలు చూపారు. తీగలు కట్టిన నల్లరేగళ్లలో మధ్య కమతాలు బాగున్నాయి, అంచు కమతాల్లో నష్టం ఉంది. మిల్లును ఆనుకొన్న రెండు కమతాల్లో మార్పు లేదు. ఒక్క ఏడాది, ఒక్క ఊరు, వానలు కూడా కలిసొచ్చాయి. దీన్ని ప్రయోగంగా కాక అనుభవంగానే చదవాలి.

కొత్త జన్యువు ఎప్పుడు వస్తుందని రైతులు తరచూ అడుగుతున్నారు. గులాబీ రంగు పురుగు కోసం క్రై2ఏఐ జన్యువుతో హైదరాబాద్‌లోని బయోసీడ్ రూపొందించిన పత్తికి, జన్యుమార్పిడి పంటల అనుమతులు చూసే కేంద్ర కమిటీ జీఈఏసీ పొలం పరీక్షలను సిఫారసు చేసింది. 2023లో తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ అందుకు ఒప్పుకోలేదు, హర్యానా ఒప్పుకుంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ (ఎన్‌బీఆర్‌ఐ) కూడా ఈ పురుగును తట్టుకొనే జన్యుమార్పిడి పత్తిని రూపొందించినట్లు ప్రకటించింది. పరీక్షలు మన నేలల్లో, మన పురుగు మీద, ప్రభుత్వ విశ్వవిద్యాలయం పర్యవేక్షణలో జరగాలని నేను కోరుకుంటాను. ఎక్కడో పరీక్షించిన విత్తనం దొంగదారిన చండూరుకు చేరడం కన్నా అది మేలు. మరోవైపు, బయటి జన్యువు చేర్చకుండా మొక్క సొంత జన్యువునే సవరించే పద్ధతికి 2022లో నిబంధనలు సడలించాక, రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిని సవరించి తయారుచేసిన డీఆర్ఆర్ ధాన్ 100 (కమల) 2025 మేలో విడుదలైంది. అది తన మూల రకం కన్నా ముందే కోతకొస్తుంది. పత్తిలోనూ విషం కన్నా ముందుగా ఇలాంటి తక్కువ కాలపు గుణం మీద శ్రద్ధ పెట్టాలని, అదీ హైబ్రిడ్‌గా కాక రైతు దాచుకోగల సూటి రకంగా రావాలని నా కోరిక.

అమెరికాలోని అరిజోనాలో ఇదే పురుగును పూర్తిగా నిర్మూలించారు. అక్కడ బీటీ పత్తితో పాటు 2006 నుంచి సంతానం కలగకుండా చేసిన గొడ్డు పురుగులను కోట్ల సంఖ్యలో వదిలారు, జతకట్టకుండా చేసే తీగలు వాడారు, పంట తీసేసే గడువును కచ్చితంగా పాటించారు. 2018 అక్టోబరులో అమెరికా వ్యవసాయ శాఖ తన పత్తి ప్రాంతాలు ఈ పురుగు నుంచి విముక్తమైనట్లు ప్రకటించింది. మన దగ్గర గొడ్డు పురుగుల కార్యక్రమం లేదు, గడువు మాత్రం మన చేతిలో ఉంది.

ఈ వానాకాలానికి ఊరి తీర్మానంలో రెండు చేర్పులు జరిగాయి. తీగలు కట్టే హద్దును పక్క గ్రామపు నల్లరేగళ్ల దాకా పొడిగించాలన్నది ఒకటి, దానికి ఆ ఊరి సర్పంచ్ మౌఖికంగా ఒప్పుకున్నారు. మిల్లు ఆవరణలో ఏప్రిల్ నుంచే బుట్టలు పెట్టి, నిల్వ గింజలను మే చివరికల్లా నూనె మిల్లులకు పంపించాలన్నది రెండోది. మిల్లు యజమాని ఇంకా జవాబు ఇవ్వలేదు.